ఈనెలు లేని ఆకు

అప్పలసూరి మావయ్య పోయాడని కబురొచ్చినప్పుడు నేను విశాఖపట్నంలో ఒక సభలో ఆయన గురించే చెప్పి జనాన్ని నవ్విస్తున్నాను. ఇది అతిశయోక్తి కాదు. నా రాతల్లో అతిశయోక్తి కానిది ఎక్కడైనా దొరికితే దానికింద ఇలా గీత గీసి చూపించడం నాకలవాటు. లేకపోతే చదివేవాళ్ళు దాన్ని కూడా నాలుగుతో భాగించి నమ్ముతారు. హాస్యం రాసే మనిషినని నన్ను ఎవరు పిలిచి మైకు చేతికిచ్చినా నేను ఒకే కథతో మొదలుపెడతాను. మా నాన్నకి నేనిచ్చిన కాగితం ఆకు కథ. ఆ కథ విని నవ్విన మొట్టమొదటి మనిషి అప్పలసూరి మావయ్య. ఆయన నవ్వుకి నిమ్‌పురా రైల్వే యార్డులో కాకులన్నీ ఒక్కసారిగా లేచి ఒరిస్సా దాటి వెళ్ళిపోయాయనీ, వాటిలో సగం ఇప్పటికీ తిరిగి రాలేదనీ చెబుతాను. జనం నవ్వుతారు. ఆ రోజూ నవ్వారు. వేదిక దిగి ఫోను చూసుకుంటే ఆయన భార్య నూకత్త మూడుసార్లు చేసి ఉంది.

పన్నెండో రోజు భోజనాలకి ఖరగ్‌పూర్ వెళ్ళాను. అమ్మకి మోకాళ్ళు సహకరించవు గనక, "నా వంతు ఏడుపు కూడా నువ్వే ఏడిసి రా," అని పంపింది. మా ఊరి ప్లాట్‌ఫారం సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు. ఒక చివర దిగి రెండో చివరికి నడిచేలోగా మనిషికి ఆకలేస్తుంది, తింటాడు, అరుగుతుంది, మళ్ళీ ఆకలేస్తుంది. బయటికొచ్చి పూరీ గేట్‌కి టోటో, అదే బ్యాటరీ రిక్షా, మాట్లాడుకున్నాను. మావయ్య రిటైరయ్యాక అక్కడే రెండు గదులు వేసుకున్నాడు. దారిలో ఒకసారి ఓల్డ్ సెటిల్‌మెంట్ సందులోకి తిప్పమంటే టోటో తోలే అతను వెనక్కి తిరిగి, "ఉధర్ క్యా హై దీదీ? సబ్ పురానా క్వార్టర్ హై," అన్నాడు. నేను కూడా పురానాయే, తిప్పు దాదా, అన్నాను. మేమున్న క్వార్టరు గోడలకి ఇప్పుడెవరో గులాబీ రంగు వేయించారు. వంటింటి కిటికీ మాత్రం అదే. ఒకప్పుడు ఆ కిటికీలోంచి వచ్చిన కంపు గురించి చెబితేగాని మిగతాది చెప్పలేను. ఆ కంపు పేరు ఏడో తరగతి సైన్సు.

మా తెలుగు మీడియం బడిలో సైన్సు మేష్టారి దృష్టిలో లోకంలో రెండే రకాల ప్రాణులు: ఆకుని అర్థం చేసుకున్నవి, చేసుకోనివి. ఆకు పాఠం మిగతా ఊళ్ళలో రెండు రోజుల్లో అయిపోతుందని విన్నాను. మాకు విశ్వకర్మ పూజ ముందు మొదలై, దసరా సెలవులు దాటి, చలికాలం కోట్లు పెట్టెల్లోంచి బయటికొచ్చినా అవలేదు. బోర్డు మీద ఆయన గీసిన ఆకు కింద మా క్లాసంతా ఒక వానాకాలం తడవకుండా గడిపేయొచ్చు. కొమ్మని పట్టుకుని ఉండేది పత్రపీఠం. దానికి అటూ ఇటూ చెవుల్లా ఉండే బుల్లి రెక్కలు పుచ్ఛాలు. ఆకుని ఎండకి ఎదురుగా నిలబెట్టే కాడ పత్రవృంతం. వెడల్పుగా పచ్చగా పరుచుకున్నది పత్రదళం. దాని మధ్యన నిలువునా పోయేది నడిమీనె, దాన్నుంచి చీలేవి పక్క ఈనెలు, వాటినుంచి ఇంకా సన్నవి, ఇంకా సన్నవి. అవి చీలి చీలి వలలా అల్లుకుంటే జాలాకారం. వెదురాకులోలాగా, గడ్డిపరకలోలాగా పక్కపక్కనే సాగిపోతే సమాంతరం. పైన మైనం పూసినట్టు నునుపు, కింద కంటికి ఆనని రంధ్రాలు, ఆ రంధ్రాల్లోంచి ఆకు ఊపిరి. వేరు తాగిన నీళ్ళు ఈనెల్లోంచే ఎక్కుతాయి, ఆకు వండిన తిండి ఈనెల్లోంచే దిగుతుంది. "ఈనెలు సూడకుండా ఆకుని సూసినానన్నోడు, లోపలి మనిషిని వదిలేసి సొక్కా సూసినట్టు!" అని ఆయన బల్ల గుద్దితే సుద్దముక్కలు లేచి మళ్ళీ కూర్చునేవి.

ఆయన ఇచ్చిన ఇంటిపని ఇది. మంచి రావి ఆకు తెచ్చి నీళ్ళలో నానబెట్టాలి. మూడు వారాలకి పచ్చదంతా కుళ్ళి ఊడిపోతుంది. అప్పుడు మెత్తటి బ్రష్షుతో తోమితే ఈనెల వల ఒక్కటే మిగులుతుంది. దాన్ని అట్టకి అంటించి బడికి తేవాలి. నేను అమ్మ మజ్జిగ ముంతలో ఆకు వేసి, వంటింటి కిటికీలో, బియ్యం డబ్బా వెనకాల దాచాను. మొదటి వారం ఏమీ కాలేదు. రెండో వారం అమ్మ ఇంట్లో ఏదో చచ్చిందని మంచాలు ఎత్తించింది. మూడో వారం పక్క క్వార్టరు బెంగాలీ దీదీ మా ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పరుగెత్తేది. మా వీధి కుక్క వేరే వీధికి బదిలీ చేయించుకుంది. చివరికి అమ్మకి ముంత దొరికింది. నాకు దక్కిన దెబ్బల్ని ఇక్కడ రాయను. రాసినా మీరు నాలుగుతో భాగిస్తారు.

మా నాన్న షంటింగ్ డ్రైవరు. మెయిల్ డ్రైవర్లు బళ్ళని ఊళ్ళు దాటిస్తారు, పేరు వాళ్ళకి. షంటింగ్ డ్రైవరు నిమ్‌పురా యార్డులో గూడ్సు బండిని ముక్కలు చేసి, ఏ పెట్టె ఏ ఊరిదో చూసి మళ్ళీ అతుకుతాడు. ఆ పెట్టెల మధ్య దూరి కొక్కేలు తగిలించే మనిషి ఒకడుంటాడు. అతను బయటికొచ్చి జెండా ఊపితేనే ఇంజను కదలాలి. నాన్న ఇంటికొచ్చేటప్పుడు ముందు డీజిల్ వాసన వచ్చేది, తరవాత మనిషి. అమ్మ వాసనని బట్టే పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఆయనతో పాటు ఇంజన్లో ఉండే అసిస్టెంటు అప్పలసూరి మావయ్య. నిజానికి చుట్టరికం ఏమీ లేదు. ఇద్దరివీ శ్రీకాకుళం పక్క ఊళ్ళు కావడంతో ఆయన మా నాన్నని బావా అన్నాడు, మాకు మావయ్యయిపోయాడు. ఇంజన్లో ఒక పద్ధతుంది: కళ్ళతో చూసింది నోటితో చెప్పాలి. ఒకరు "పచ్చ" అంటే రెండోవారు కూడా "పచ్చ" అనాలి. వీళ్ళిద్దరూ ఆ పద్ధతిని రోడ్డు మీదికి కూడా తెచ్చేశారు. డ్యూటీ దిగి సైకిళ్ళ మీద ఇంటికొస్తుంటే సందు మొదట్లోంచే వినపడేది.

"బావా, ఎదర గేదె."

"గేదె."

"కుడి పక్కన గొయ్యి."

"గొయ్యి."

"బావా, ఎదర మా అప్ప. కోపంగా ఉన్నాది."

"కోపంగా ఉన్నాది," అని నాన్న గంభీరంగా అనేవాడు. గేటు దగ్గర గరిటెతో నిలబడ్డ మా అమ్మకి నవ్వాపుకోవడం కష్టమయ్యేది. ఓల్డ్ సెటిల్‌మెంట్ పిల్లలందరం ఆ ఆట ఆడేవాళ్ళం. ఒకడు కళ్ళకి గంతలు కట్టుకుని సైకిలు తొక్కడం, రెండోవాడు వెనక కూర్చుని గేదెలు చెప్పడం. ఆ ఆట వల్ల మా వీధిలో పళ్ళన్నీ ఉన్న పిల్లాడు ఒక్కడు మిగల్లేదు.

ఆ రోజుల్లోనే ఆకు పాఠం మా వంటింట్లోకి కూడా వచ్చింది. సోమవారం పొన్నగంటి కూర. మంగళవారం మునగాకు పప్పు. బుధవారం పొన్నగంటి వేపుడు. గురువారం అవిసాకు. శుక్రవారం పొన్నగంటి పచ్చడి. మేకకైనా వారంలో ఒకరోజు విసుగొస్తుంది, మా నాన్న మాత్రం మాట్లాడకుండా తినేవాడు. ఎందుకమ్మా ఇన్ని ఆకులు అంటే, "ఒంటికి సలవ," అనేది. మధ్యాహ్నం ఆయన నడుం వాలిస్తే తడిపిన నందివర్ధనం పూలు రెండు కళ్ళ మీద పెట్టేది. అదేంటమ్మా అంటే అదీ చలవే. మా ఇంట్లో అప్పుడున్న చలవకి ఐసు ఫ్యాక్టరీ పెట్టి ఉండొచ్చు.

దెబ్బలు పడ్డా ఆకు మాత్రం దక్కింది, తయారైంది. దాన్ని తోమి, కడిగి, పాత పుస్తకంలో ఆరబెట్టి తీసినప్పుడు నా చేతిలో ఉన్నదేమిటో నాకే నమ్మబుద్ధి కాలేదు. అంత కంపులోంచి అంత సన్నటి పని. పచ్చదనం ఒక్క చుక్క లేదు. నడిమీనె, పక్క ఈనెలు, వాటి మధ్య వెంట్రుకకన్నా సన్నటి దారాలతో అల్లిన గళ్ళు, ఆ గళ్ళలో మళ్ళీ గళ్ళు, చివర పొడుగాటి తోక. ఎండకి ఎదురు పట్టుకుంటే గోడ మీద దాని నీడ పడి వణికేది. పరుగెత్తుకెళ్ళి నాన్న చేతిలో పెట్టాను. ఆయన దాన్ని కిటికీ వైపు పట్టుకుని, దగ్గరికి తెచ్చి, దూరం పెట్టి చూశాడు.

"బాగున్నాదే అమ్మీ. పల్చటి కాయితంలాగున్నాది. మరి ఈనెలన్నీ పోనాయేటి? నడిమీనొక్కటే మిగిలినాదేటి?"

నేను పకపకా నవ్వాను. నన్ను ఉడికిస్తున్నాడనుకున్నాను. "ఎల్లు నాన్నా! ఎనిమిది లచ్చల ఈనెలున్నాయి, సూడు!" అన్నాను. ఆయన కూడా నవ్వి ఆకు తిరిగి ఇచ్చేశాడు.

మర్నాడు గడ్డం గీసుకుంటూ, "రవణా, ఆ ఆకు పాఠం ఓపాలి సదువు," అన్నాడు. మా ఇంట్లో నా చదువుని ఎవరైనా అడిగి మరీ వినడం అదే మొదలు. నేను వాక్యం చదివితే ఆయన దాన్ని తన భాషలోకి మార్చుకునేవాడు. "ఆగు. మెయిన్ లైను నడిమీనె. దాంట్లోంచి లూప్ లైన్లు, లూప్ లైన్లోంచి సైడింగులు. అంతేనా?"

"అంతే నాన్నా."

"ఒక సైడింగు మూసుకుపోనాదనుకో. నీల్లు ఎలగెల్తాయి?"

"పక్క ఈనెలోంచి సుట్టూ తిరిగి ఎల్తాయని మేష్టారు సెప్పినారు."

"మంచి యార్డే," అన్నాడు నాన్న, నురగ మీద కత్తి ఆపి. మూడు రోజులు అలా చదివించుకున్నాడు. నాలుగో రోజు సాయంత్రం, "ఏదీ నీ ఆకు మల్లీ తే. ఆ రోజు ఎలుతురు సరిపోలేదు," అన్నాడు. తెచ్చిస్తే పట్టుకుని, "అబ్బ! ఏం వలే! సేపలు పట్టొచ్చు!" అన్నాడు. నాకెందుకో అనుమానం వచ్చింది. ఆయన చూపు ఆకు మీద లేదు. ఆకు వెనక ఎక్కడో ఉంది. చదివిన పాఠం అప్పజెప్పేటప్పుడు మేం కూడా అలాగే పైకప్పు వైపు చూసేవాళ్ళం.

నాలాంటి పిల్లకి అనుమానం వస్తే ఊరుకోదు, ప్రయోగం చేస్తుంది. విశ్వకర్మ పూజనాడు ఎగరేసిన గాలిపటాల కాగితం మిగిలి ఉంది, గోధుమరంగుది, ముట్టుకుంటే చిరిగేంత పల్చటిది. దాన్ని రావి ఆకులా కత్తిరించాను. తోక కూడా పెట్టాను. ఈనె అన్నది ఒక్కటి లేదు, చిన్న గీత కూడా గీయలేదు. తీసుకెళ్ళి, "నాన్నా, రెండోది సేసినాను. ఇది ఇంకా బాగా వచ్చినాది, సూడు," అన్నాను. ఆయన పట్టుకోగానే, "ఒలే దొంగా, ఇది కాయితం," అని నా చెవి మెలిపెడతాడని, నేను అరుస్తానని, ఇద్దరం నవ్వుతామని నా లెక్క.

నాన్న కాగితాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు. చూపుడువేలు గోరు దాని మధ్యన ఆనించాడు. "ఇదిగో నడిమీనె," అన్నాడు. గోరు పక్కకి జరిపాడు. "ఇక్కడ్నుంచి పక్కీనెలు బయల్దేరినాయి. ఎడమకి ఒకటి, కుడికి ఒకటి. మద్దిన సన్న ఈనెలు సూడు, ఎలగ అల్లుకున్నాయో! దీన్నే జాలాకారమంటారు. అవునా అమ్మీ?"

అంత బాగా మా మేష్టారు కూడా చెప్పలేదు. నా వేళాకోళం నూటికి నూరుపాళ్ళు పండింది, నవ్వడానికి మాత్రం మనిషి లేడు. అవును నాన్నా, అన్నాను. వంటింటి గుమ్మంలో అమ్మ పొన్నగంటి కట్ట పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలీదు.

"రవణా, ఇలారా," అంది. వంటింట్లో పొయ్యి పక్కన కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఆకులు తుంచుతూ చెప్పింది. "మీ నాన్నకి కళ్ళు ఆనట్లేదే. కంటెనకాల నరం ఎండిపోతందంట. అద్దాలకి రాదంట. మేదినీపూర్ డాక్టరు సెప్పినాడు."

"మరి ఇంజనెలగ తోల్తన్నాడు?"

"మీ మావయ్య సెప్తాడు గదా. పచ్చంటే పచ్చ, ఎరుపంటే ఎరుపు."

అప్పుడు అర్థమైంది నాకు, ఎదర గేదె, కుడి పక్కన గొయ్యి. మా వీధంతా పళ్ళు రాలగొట్టుకున్న ఆట.

"ఎవరికైనా తెలిస్తే బండి దింపేస్తారు," అంది అమ్మ. "బండి దింపితే ఆ మనిషి బతకడే. మాటొద్దు."

"మరి ఆ పెట్టెల మద్దిన దూరినోడిని గుద్దేస్తే?"

అమ్మ ఇంకో కట్ట విప్పింది. ఒక్కొక్క ఆకూ కాడ నుంచి విరిచి చేటలో వేసింది. ఆ రోజు కూరలోకి పావుకిలో చాలు. అమ్మ కట్టలన్నీ అయ్యేదాకా తుంచుతూనే ఉంది.

తరవాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి నాకున్న అతిశయోక్తులేవీ పనికిరావు. బడిలో కూర్చుంటే నిమ్‌పురా వైపునుంచి పెట్టెలు ఒకదానికొకటి తగిలే చప్పుడు వినపడేది. అంతకు ముందు కూడా వినపడేదేమో, నేను వినలేదు. ఇప్పుడు ప్రతి చప్పుడుకీ కలం ఆగిపోయేది. చప్పుడు తరవాత అరుపు వస్తుందేమోనని చూసేదాన్ని. రాకపోతే మళ్ళీ ఇంకో చప్పుడు. మేష్టారు నా రావి ఆకుని క్లాసులో అందరికీ చూపించి, "ఇలగ సెయ్యాలి!" అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను యార్డు చప్పుడే విన్నాను. సాయంత్రం డీజిల్ వాసన గేటు దగ్గరికి రాగానే ఒంట్లోకి ప్రాణం వచ్చేది. మర్నాడు పొద్దున్న నాన్న క్యారియరు సైకిలుకి తగిలించుకోగానే అది మళ్ళీ పోయేది. వెళ్ళొద్దని ఎలా చెప్పను? వెళ్ళనిచ్చి ఎలా ఊరుకోను? పన్నెండేళ్ళ పిల్లని, కాగితం కత్తిరించడం తప్ప ఏమీ చేతకాదు.

అలాంటి బరువు మోయడం నాకు రాదు. ఇప్పటికీ రాదు. ఏదైనా బరువైతే దాన్ని వేళాకోళం చేసి పక్కవాడి నెత్తిన పెట్టేస్తాను, అదే నా వృత్తి. ఒక ఆదివారం అప్పలసూరి మావయ్య మా ఇంటి అరుగు మీద కూర్చుని జామకాయ తింటున్నాడు. నాన్న లోపల పూలు కళ్ళ మీద పెట్టుకుని పడుకున్నాడు. నేను మావయ్య పక్కన చేరి, గొంతు తగ్గించి, కాగితం ఆకు కథంతా చెప్పాను. నాన్నలా గోరు ఆనించి, నాన్న గొంతుతో "ఎలగ అల్లుకున్నాయో!" అని చేసి చూపించాను. మావయ్య నావైపు ఒక్క క్షణం చూశాడు. తరవాత నవ్వాడు. జామగింజలు అరుగు దాటి పడేలా, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వి, "నువ్వు అసాద్యురాలివే గుంటా!" అని నా నెత్తి మీద మొట్టికాయ వేశాడు. నా గుండెల మీద బండ దిగిపోయింది. పెద్దాయనే అంత నవ్వాడంటే అది నవ్వే విషయమే అన్నమాట. ఆ రోజే నేను హాస్య రచయిత్రినయ్యాను.

రెండు వారాల్లో మావయ్యకి బదిలీ అయింది. ఒరిస్సా వైపు ఏదో చిన్న స్టేషనుకి. నూకత్తా ఆయనా సామాన్లు కట్టుకుని వెళ్ళిపోయారు. కొత్త అసిస్టెంటు వస్తాడని ఆఫీసునుంచి కబురొచ్చింది. నాన్న ఆ రోజు డ్యూటీకి వెళ్ళలేదు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని నడుచుకుంటూ రైల్వే ఆసుపత్రికి వెళ్ళి, తన నోటితో తనే చెప్పేసి వచ్చాడు. కొత్త కుర్రాడితో ఒక్క గంట కూడా ఇంజనెక్కలేదు. తిరిగొచ్చి, "అయిపోనాది," అన్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్ళింది. ఆ పూట మాకు వంకాయ కూర. నెలల తరవాత మా కంచాల్లో ఆకు కానిది కనపడింది. దాన్ని ముగ్గురిలో ఎవరూ తినలేకపోయాం.

రైల్వే వాళ్ళు నాన్నకి ఒక కుర్చీ ఇచ్చారు. డ్యూటీకి వచ్చే డ్రైవర్లని పేర్లడిగి పిలిచే పని. ఆ కుర్చీలో ఆయన పదకొండేళ్ళు కూర్చున్నాడు. ఇంజను కూతని బట్టి నంబరు చెప్పేవాడు, పక్కవాళ్ళు పరీక్షించి నవ్వేవారు, ఆయనా నవ్వేవాడు. ఇప్పటి పిల్లలు ఫోన్లో ఆకుని రెండు వేళ్ళతో సాగదీసి, మా మేష్టారు జన్మలో చూడని రంధ్రాల్ని కూడా చూసేస్తున్నారు; కంపు లేదు, దెబ్బల్లేవు. నాన్నకి వచ్చిన జబ్బుని కూడా ఇప్పుడు ముందుగా పట్టుకుంటే చుక్కల మందు వేసి ఉన్నకాడికి నిలబెడతారట. అది నాకూ వస్తుందేమోనని ఏటా వెళ్ళి, కంటి ఒత్తిడి కొలవడానికి కంటిలోకి గాలి ఊదించుకుంటాను. ఇంకా రాలేదు. వస్తే ముందుగా చెప్పేవాళ్ళున్నారు, మందుంది, సెలవుంది. అప్పుడు మా ఇంటి దగ్గర ఉన్నవల్లా పొన్నగంటి కట్టలు, మావయ్య నోరు.

పూరీ గేట్‌లో భోజనాలయ్యాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. నూకత్త నన్ను తన పక్కన చాప మీద కూర్చోబెట్టుకుంది. మనిషి బాగా చిక్కింది, గొంతు మాత్రం అదే.

"నువ్వు మీటింగుల్లో మీ మావయ్య సంగతి సెప్తావంట గదా," అంది.

"చెప్తానత్తా. మొట్టమొదట నవ్వింది ఆయనే గదా."

"ఫోన్లో సూసినాం. మీ మావయ్య రెండుసార్లు పెట్టించుకున్నాడు."

"నవ్వాడా?" అన్నాను. ఎంత చెడ్డా రాసేదాన్ని కదా, ముందు అదే అడుగుతాను.

"లేదే," అంది నూకత్త. చాప పురికొస ఒకటి లాగి వేలికి చుట్టుకుంది. "ఆ రోజు మీ ఇంటికాడ్నుంచి వచ్చి సైకిలు గోడకేసి పడేసినాడు. అన్నమెట్టినాను, తిన్లేదు. ఏటైనాదంటే, బావకి కూసింత మసకనుకున్నానే, ఏటీ అవుపడట్లేదు, అన్నాడు. ఆ గుంట ఉత్త కాయితమిస్తే ఈనెలు సూపించినాడంట. నాకు ఒక్క తుమ్ము వచ్చినాదంటే, ఆ పెట్టెల మద్దిన మనిషి... అని ఆగిపోనాడు."

"నా ముందు నవ్వాడత్తా. జామగింజలు..."

"సిన్నపిల్లవి. నీ ముందు నవ్వక ఏటి సేస్తాడు?"

నూకత్త పురికొసని వేలికి ఇంకో చుట్టు చుట్టింది.

"తెల్లారి ఆఫీసుకెల్లి, మా అమ్మకి బాగులేదు, నన్ను ఒరిస్సా పక్కకెయ్యండి అని కాయితం రాసిచ్చినాడు. మా అత్త సచ్చిపోయి అప్పటికి నాలుగేళ్ళు," అని నూకత్త సన్నగా నవ్వింది. "నాను లేకుండా బావ ఇంజనెక్కడు, నాకు తెల్సు, అన్నాడు. బావ మొకాన సెప్పలేను, ఆఫీసర్లకి సెప్పి పట్టించలేను, నానే ఎల్లిపోతాను, అన్నాడు. ఎల్లిపోనాం."

"పోయేలోగా మా నాన్నకి తెలిసిందా?"

"ఎవులు సెప్తారు?" అంది. తరవాత నా మొహం చూసి, కంగారుగా నా మోకాలి మీద చెయ్యి వేసింది. "నువ్వు మీటింగుల్లో సెప్పడం మాత్రం మానకే. జనం నవ్వుతున్నారు గదా. అందులో తప్పేటి?"

ఏళ్ళ తరబడి నేను మోసుకు తిరిగిన నవ్వు అది. ఎవరైనా నా రాతలు బాగులేవంటే, మా మావయ్యని నవ్వించాను, నువ్వెంత, అనుకునేదాన్ని. నాన్నని ఇంజను దింపింది ఆ నరం కాదు, ఆసుపత్రి కాదు, నా నోరు. అది దింపబట్టి ఆ పెట్టెల మధ్య దూరిన మనిషెవరో ఇంటికెళ్ళి అన్నం తిన్నాడు. ఈ రెంటిలో దేనికి ఏడవాలో, దేనికి దణ్ణం పెట్టుకోవాలో తెలీక, నూకత్త ఇచ్చిన మజ్జిగ తాగి, చేతులు కడుక్కుని, బయటికొచ్చి టోటో కోసం నిలబడ్డాను. అప్పుడే అమ్మ ఫోను.

"అన్నీ బాగా జరిగినాయేటి? నూకాలు ఎలగున్నాది?"

"బాగానే ఉందమ్మా. చిక్కింది."

"మీ నాన్న మాటొచ్చినాదా?"

"వచ్చింది."

"అప్పలసూరిని ఆ దినం ఒరిస్సాకి ఎత్తి పారేసిన ఆఫీసరున్నాడు సూడు," అంది అమ్మ. "ఆడి సెయ్యి పడిపోను. ఆడు ఆ సంతకం పెట్టకపోతే మీ నాన్న ఇంకో నాలుగేళ్ళు ఇంజను తోలేవోడు. తోల్తూ తోల్తూ పోయేవోడు గాని, ఆ కుర్చీలో మగ్గిపోయేవోడు కాదు. అవునా కాదా?"

టోటో వచ్చి ఆగింది. అతను "స్టేషన్?" అని చేత్తో అడిగాడు. తల ఊపి ఎక్కాను.

"అవునమ్మా," అన్నాను. "వాడి చెయ్యి పడిపోను."

"పేరైనా తెలిస్తే బాగుండును. రోజూ దీపం కాడ పేరెట్టి మరీ తిట్టుకుందును. నూకాలుకి తెల్సేమో, అడగలేకపోయినావా?"

"అడిగానమ్మా," అన్నాను. "ఆవిడకీ తెలీదంట."